మత్స్యపురుషుడు

మత్స్యపురుషుడు అంటే నడుము దాకా మనిషి, ఆ కింద చేప అయిన పురుషరూపం. గ్రీకు పురాణాల ట్రైటన్ ఈ కోవలోని వాడే. బాబిలోనియా పూజారి బెరోసస్ క్రీ.పూ. 3వ శతాబ్దంలో వర్ణించిన ఒయన్నెస్ కూడా సగం చేపే. పగలు ఒడ్డుకొచ్చి మనుషులకు అక్షరాలు నేర్పి, పొద్దుగూకగానే సముద్రంలోకి వెళ్లిపోయేవాడట. తెలుగునాట ఈ ఊహ రాజవంశ గాథలోనూ, గర్భగుడిలోనూ, తోలుబొమ్మలాటలోనూ చోటు సంపాదించుకుంది.

పుట్టుక

శతపథ బ్రాహ్మణంలో మనువును జలప్రళయం నుంచి గట్టెక్కించింది అచ్చమైన చేపే. మహాభారతం ఆ చేపను బ్రహ్మ అంది. పురాణాలు విష్ణువు అవతారంగా స్థిరపరిచాయి. శిల్పులు కొన్నిచోట్ల నిండు చేపనే మలిచారు, మరికొన్నిచోట్ల చేప నడుము మీద నాలుగు చేతుల విష్ణువును నిలిపారు.

వడ్డాది మత్స్యరాజులు

ఉత్తరాంధ్రలో వడ్డాదిని ఏలిన మత్స్యవంశీకులు తమ మూలపురుషుడు సత్యమార్తాండుడు చేప కడుపున పుట్టాడని చెప్పుకున్నారు. ముని శాపం వల్ల మంజుఘోష అనే అప్సరస మత్స్యనదిలో చేపగా మారి అతణ్ణి కన్నదని శక సంవత్సరం 1191 (క్రీ.శ. 1269) నాటి దిబ్బిడ తామ్రశాసనం చెబుతుంది. ఇక్కడ చేప తల్లి మాత్రమే. కొడుకు పూర్తిగా మనిషి.

నాగలాపురం

తిరుపతి జిల్లా నాగలాపురంలో వేదనారాయణ స్వామి మూలవిరాట్టుకు పైభాగం మానవాకారం, కింది భాగం మత్స్యం. వేదాలను దొంగిలించి సముద్రంలో దాగిన సోమకాసురుణ్ణి చంపి, వాటిని స్వామి బ్రహ్మకు తిరిగి అప్పగించాడని స్థలపురాణం. శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) తల్లి నాగలాంబ పేరిట ఊరికి ఈ పేరు పెట్టి, గుడి కట్టించాడని ప్రతీతి. ఆలయం పడమటి ముఖంగా ఉంటుంది. ఏటా మూడు సాయంత్రాలు అస్తమిస్తున్న సూర్యుడి కిరణాలు ద్వారాలన్నీ దాటుకుని గర్భగుడిలోకి వస్తాయి. మొదటి రోజు పాదాలను, రెండో రోజు నాభిని, మూడో రోజు కిరీటాన్ని తాకుతాయి. అప్పుడే సూర్యపూజోత్సవం జరుపుతారు.

మత్స్యవల్లభుడు

వాల్మీకి రామాయణంలో లేని మైరావణ కథ తోలుబొమ్మలాటలో బాగా ఆడుతుంది. సముద్రంలో పడిన హనుమంతుడి చెమట చుక్కను ఒక చేప మింగగా పుట్టినవాడు మత్స్యవల్లభుడు. మైరావణుడి పాతాళలంకకు ద్వారపాలకుడు. మైరావణుడు ఎత్తుకుపోయిన రామలక్ష్మణుల కోసం వచ్చిన హనుమంతుణ్ణి తండ్రని తెలియక అడ్డుకుని యుద్ధం చేస్తాడు. మైరావణుడు చచ్చాక పాతాళానికి రాజవుతాడు. ఉత్తరాదిలో ఇతనే మకరధ్వజుడు. థాయ్‌లాండ్ రామకథ రామకియెన్‌లో మచ్ఛాను అంటారు. హనుమంతుడికీ మత్స్యకన్యకూ పుట్టినవాడు కాబట్టి అక్కడి చిత్రాల్లో ఒళ్లు కోతిది, తోక చేపది.