రామప్ప గుడిలో పాడే రాయి

ములుగు దగ్గర పాలంపేటలో రామప్ప గుడి చూసినవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. గర్భగుడి వాకిలి దగ్గర వేణువూదే కృష్ణుడి శిల్పం ఒకటుంది. అక్కడి సన్నటి చెక్కడాల మీద వేలితో మీటితే రాయి ఖంగుమంటుంది. ఒక్కో చోట ఒక్కో స్వరం. సరిగమలు పలికే రాయి అని చెప్పుకుంటారు.

ఇందులో మాయేమీ లేదు. గట్టి రాయి, లోపల పగుళ్ళు లేకపోతే, లోహంలాగే మోగుతుంది. పొడవు, మందం మారితే స్వరం మారుతుంది. ఫ్రాన్సు చర్చిల్లో ఉండే పైపు ఆర్గాన్‌దీ దాదాపు ఇదే లెక్క. అక్కడ మోగేది గొట్టంలోని గాలి. పొడుగు గొట్టం మంద్రం, పొట్టి గొట్టం తారం.

అసలు తేడా బాగుచేతలో ఉంది. 2019 ఏప్రిల్ 15న పారిస్ నోట్రడామ్ చర్చి తగలబడింది. ఆర్గాన్ కాలలేదు గానీ సీసం ధూళి కమ్మేసింది. దాదాపు 8,000 గొట్టాలు. విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించి, శ్రుతి చేశారు. 2024 డిసెంబరులో మళ్ళీ మోగింది. ఒక గొట్టం పాడైతే ఇంకోటి చేసుకోవచ్చు. మన రాతికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

అలాగని మనకి పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం తెలీదనుకునేరు! ఈ గుడిని 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. గుడి నిండా నాట్యం చేసేవాళ్ళు, మద్దెల వాయించేవాళ్ళు. గణపతిదేవుడి బావమరిది, గజసేనాని జాయప 1254 ప్రాంతంలో నృత్తరత్నావళి రాశాడు. అందులో పేరిణి ఉంది. 1323లో ఓరుగల్లు పడిపోయింది, కాలక్రమంలో పేరిణీ మరుగున పడింది. నృత్తరత్నావళి 1965లో వి.రాఘవన్ సంపాదకత్వంలో మద్రాసులో అచ్చయింది. ఆ పుస్తకాన్నీ, రామప్ప శిల్పాలనీ పక్కపక్కన పెట్టుకుని నటరాజ రామకృష్ణ పేరిణికి మళ్ళీ ప్రాణం పోశారు. మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ ఒక చోట, స్క్రీన్‌షాట్లు ఇంకో చోట మిగిలాయి కాబట్టి సిస్టమ్ మళ్ళీ లేచింది.

పాడే రాతికి అలాంటి బ్యాకప్ లేదు. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. వచ్చిన ప్రతివాళ్ళూ "నేనూ ఒక్కసారి" అని మీటుతూ పోతే? ఒక్కో వేలు చేసే నష్టం కంటికి కనపడదు. లక్ష వేళ్ళు చేసేది కనపడుతుంది, కానీ అప్పటికి చేసేదేమీ ఉండదు. రాయి అరిగినా, బీట పడినా ఆ స్వరం పోయినట్టే.

నాకు తోచిన దారి ఒకటుంది. మంచి మైకులు పెట్టి ప్రతి స్వరాన్నీ ఒక్కసారి శ్రద్ధగా రికార్డు చేయాలి, కొలతలూ రాసిపెట్టాలి. వచ్చినవాళ్ళు శిల్పం ముందు నిలబడి ఫోనులో వింటారు. మా ఊరి గుడి రాయి పాడుతుందని పిల్లలకి చెప్పుకోవాలంటే, ముందు మనం దాని మీంచి చెయ్యి తీయాలి. ఏమంటారు?