ముత్యమూ పువ్వూ: 'మార్గెరిత్' పేరు పుట్టుపూర్వోత్తరాలు

ఫ్రెంచి స్త్రీనామం 'మార్గెరిత్'కు నామకోశాలు 'ముత్యం' అని అర్థం చెబుతాయి. వ్యుత్పత్తి వరకు అది సరైనదే. కానీ నేటి ఫ్రెంచిలో మార్గెరిత్ అనగానే స్ఫురించేది పువ్వు: పసుపు బొడ్డు, చుట్టూ తెల్ల రేకులు. వ్యుత్పత్తి చెప్పే అర్థం ఒకటి, వాడుక ఇచ్చిన అర్థం మరొకటి. ఈ రెండోదాన్ని కూడా పేరు చరిత్రలో భాగంగా లెక్కించాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

మూలం గ్రీకు 'మార్గరితేస్'. థియోఫ్రాస్టస్ రాళ్ల గురించిన తన గ్రంథంలో ముత్యాన్ని ఈ పేరుతో పేర్కొన్నాడు. గ్రీకులో ఇది ఎరువు మాట. ఇరానీ భాషల నుంచి వచ్చిందన్నది ప్రబలమైన అభిప్రాయం; నేటి పారశీకంలో ముత్యానికి వాడే 'మొర్వారీద్' దీనికి చుట్టమే. సంస్కృత 'మంజరి'తో ముడిపెట్టిన పండితులూ ఉన్నారు. క్రీ.శ. 2వ శతాబ్దపు అరియన్ తన 'ఇండికా'లో దీన్ని భారతీయుల మాటగానే చెప్పాడు. సరుకుతోపాటు దాని పేరూ ఓడెక్కిందన్నమాట.

లాటిన్ 'మార్గరీతా'ను ఐరోపాలో ఇంటింటి పేరు చేసింది అంతియొకయ పునీత మార్గరీతా ఆరాధన. తనతో మాట్లాడిన పునీతలలో ఈమె ఒకరని 1431 నాటి విచారణలో జాన్ ఆఫ్ ఆర్క్ చెప్పింది.

ఫ్రెంచి నేల మీద ఈ మాట పువ్వుకూ పేరైంది. తెలుపే ఆ రెంటినీ కలిపి ఉండాలి. 14వ శతాబ్దంలో మాషో, ఫ్రువాసార్ ఇద్దరూ మార్గెరిత్ పేరిట కావ్యాలు రాశారు. వాటిలో స్త్రీ, పువ్వు విడదీయలేనంతగా కలిసిపోయాయి. 1547లో లియోన్‌లో అచ్చయిన నవార్ రాణి మార్గెరిత్ కవితా సంపుటి శీర్షికను దగ్గరగా చూడాలి: 'రాకుమార్తెలలో మార్గెరిత్ అయిన ఆమె మార్గెరిత్‌లు'. మొదటి మాట రాణి పేరు, ఆమెకు ఉపమానం కూడా. రెండోది ఆమె కవితలు. రెండు చోట్లా ముత్యం, పువ్వు రెండూ పలుకుతాయి.

తర్వాత ముత్యం మరుగున పడింది. ఫ్రెంచి వాడుకలో ముత్యానికి 'పెర్ల్' అన్న మాట స్థిరపడటమే అందుకు కారణం. మన 'ముత్యాలమ్మ'లో ముత్యం ఇప్పటికీ చెవికి వినిపిస్తుంది. మార్గెరిత్‌లో అలా వినిపించేది పువ్వు మాత్రమే.

ఇందుకు గట్టి సాక్ష్యం ఇంగ్లీషులో ఉంది. అక్కడ మార్గరెట్‌కు 'డైసీ' ముద్దుపేరు. ఈ రెంటికీ ధ్వనిలో పోలిక లేదు, గ్రీకు మూలంలో పువ్వే లేదు. డైసీ పువ్వును ఫ్రెంచిలో మార్గెరిత్ అంటారు కాబట్టే ఆ ముద్దుపేరు పుట్టింది. వాడుక ఇచ్చిన అర్థం పొరుగు భాషలో కొత్త పేరునే పుట్టించినప్పుడు, నామకోశంలో 'ముత్యం' పక్కన 'పువ్వు' కూడా ఉండటమే న్యాయం.