రైలు లేటు ఎవరి ఖాతాలో?

మొన్న సంఘం మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు, “కాకా, రైల్వేలో క్లర్కు అంటే టికెట్లు ఇచ్చుడేనా?” అని. కాదు నాయనా. మాది పంక్చువాలిటీ సెక్షన్. ఏ రైలు ఎన్ని నిమిషాలు లేటు, ఎక్కడ ఆగింది, ఆ నిమిషాలు ఎవరి ఖాతాలో రాయాలి, ఇదే మా పని. (మేం చదివింది మద్రాసులో, తమిళ మీడియం. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాం. ఒత్తులు తప్పితే సర్దుకొని చదవండి.)

సాంచా ఆగితే మీరేం చేస్తారు? పోగు తెగిందా, కండె అయిపోయిందా, కరెంటు పోయిందా అని చూస్తారు. కూలి మీటరు లెక్కన కాబట్టి ఆగిన ప్రతి నిమిషం ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. రైలుకూ అంతే.

లేటు అనాలంటే ముందు గడియారం ఒకటే ఉండాలి. మన పక్కనున్న ఠాణాకు 1853 ఏప్రిల్ 16న, కల్యాణ్‌కు 1854లో రైలు వచ్చింది. అప్పట్లో ఊరికో టైము. మద్రాసు గడియారం గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు, బొంబాయిది 4 గంటల 51 నిమిషాలు. అంటే మధ్యలో అరగంట తేడా. 1871లో బొంబాయి లైనూ మద్రాసు లైనూ రాయచూరు దగ్గర కలిశాయి. దేశమంతా రైళ్ళు మద్రాసు టైము మీదే నడిచేవి. మద్రాసులో నక్షత్రశాల ఉండేది, అక్కడి నుంచి తంతి మీద టైము అందేది. బొంబాయి మనిషి తన ఊరి గడియారం చూసుకొని స్టేషనుకు పోతే రైలు వెళ్ళిపోయి అరగంట అయ్యేది! ఈ గొడవకు 1906 జనవరి 1న ఇప్పటి ఐదున్నర గంటల టైము వచ్చింది. అయినా బొంబాయి ఊరుకోలేదు, 39 నిమిషాలు వెనకున్న తన సొంత టైమును కార్పొరేషన్ దశాబ్దాల తరబడి పట్టుకొని కూర్చుంది.

ఇక మా పని సంగతి. కంట్రోల్ ఆఫీసులో పెద్ద కాగితం ఉండేది, అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. నడిచే రైలు ఏటవాలు గీత, ఆగిన రైలు అడ్డగీత. పొద్దున్నే ఆ అడ్డగీతలన్నీ ఏరి, గార్డు రిపోర్టు, స్టేషన్ రిజిస్టరు, ఇంజన్ స్పీడు చార్టు పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంజనీరింగ్ వాళ్ళు సిగ్నల్ అంటారు, సిగ్నల్ వాళ్ళు ట్రాఫిక్ అంటారు, ట్రాఫిక్ వాళ్ళు లోకో అంటారు. చైను లాగితే మాత్రం అందరికీ సంతోషం, ఎందుకంటే అది ఎవరి తప్పూ కాదు! కల్యాణ్‌లో మన వాళ్ళు మూటలతో, పిల్లలతో ఎక్కడానికి చైను లాగిన కేసులు కూడా మేం రాశాం. మనవాళ్ళని దాచలేదు. 1989 చట్టం 141వ సెక్షన్ ప్రకారం దానికి ఏడాది దాకా జైలు లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

లెక్క తీసేది ఆఖరి స్టేషన్‌లో. దారిలో నలభై నిమిషాలు లేటైనా చివర్లో టైము కలిసేలా టైంటేబుల్‌లోనే కొంత వదులు పెడతారు. మధ్యలో అర్ధరాత్రి దిగిపోయిన ముసలమ్మ లేటు ఆ లెక్కలో ఉండదు. ఇది మాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఒక్క కేసు చెప్పాలి. ఊరూ డివిజనూ చెప్పం. ఒక రాత్రి ఎక్స్‌ప్రెస్ స్టేషన్ బయట పదకొండు నిమిషాలు నిలబడింది. గేటు పడకపోతే సిగ్నల్ దిగదు. ఫోన్‌లో “గేటు లేటు” అన్నారు, మేం అదే రాశాం. గేట్‌మన్ ఇంక్రిమెంటు ఆపేశారు.

నెల తర్వాత వేరే పని మీద రిజిస్టర్లు వస్తే కనబడింది. గేటు వేశాక గేట్‌మన్ స్టేషన్ మాస్టరుకు ప్రైవేట్ నంబరు చెబుతాడు, ఇద్దరూ టైముతో రాసుకుంటారు. రెండు పుస్తకాల్లోనూ 2-17 అని ఉంది. రైలు వచ్చి ఆగింది 2-25కి! సిగ్నల్ వాళ్ళ ఫెయిల్యూర్ పుస్తకంలో అదే రాత్రి రిపేరు రాసి ఉంది.

“పైకి పోయిన కాగితం, కెలకకండి” అన్నారు. కానీ మొదటి కాగితం రాసింది మేమే గదా. ఫోన్ మాట నమ్మి, పుస్తకం తెరవకుండా. రెండో కాగితం కూడా మేమే రాశాం, మా తప్పు కూడా అందులో రాసి. ఆ ఇంక్రిమెంటు తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

తర్వాత ఆయన ఒకసారి ఆఫీసుకు వచ్చాడు. టీ ఇప్పించాం. “అప్పుడే పుస్తకం అడిగుంటే చూపెట్టేవాణ్ణి సార్” అన్నాడు, అంతే.

ఇంకో సంగతి. మన్మాడ్ నుంచి సికింద్రాబాద్ దాకా 1990ల వరకు చిన్న లైను. మీ నాయినలు, తాతలు మన్మాడ్‌లో దిగి బండి మారి వచ్చే ఉంటారు. అక్కడ ఎన్ని గంటలు కూర్చున్నారో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చెప్పండి. ఆ లేటు ఎవరి ఖాతాలోనూ లేదు, మేం రాసిపెట్టుకుంటాం.