సూరత్ సాడేలీ

సాడేలీ గుజరాత్‌లోని సూరత్ నగరానికి పేరు తెచ్చిన పొదుగుడు పని. చందనపు పెట్టెలు, రాతబల్లలు, నగల భరిణెల పైన దంతం, చెక్క, లోహం కలిసిన నక్షత్రాల నమూనాను అతికించడం దీని ప్రత్యేకత.

ఈ విద్య ఇరాన్‌లోని షిరాజ్ నుంచి సింధు మీదుగా వచ్చిందని చెబుతారు. షిరాజ్‌లో ఇప్పటికీ ఖాతమ్ పేరుతో ఇదే తరహా పని సాగుతోంది. అయితే చెక్కలో దంతం, ముత్యపు చిప్ప పొదగడం గుజరాత్‌కు అంతకు ముందే తెలుసు. మొగలుల కాలంలో సూరత్ పెద్ద రేవు. 1613లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థావరం పెట్టింది. దంతమూ కొనుగోలుదారులూ ఒకే రేవులో దొరికారు. పార్సీలు ఈ పనిలో స్థిరపడ్డారు. పెటీగరా అనే పార్సీ ఇంటిపేరు పెట్టెల పనిలోంచి వచ్చిందే.

కిటుకంతా కోతలో ఉంది. దంతం, తుమికి చేవ, చందనం, ఎర్రని బకం చెక్క, పచ్చరంగు ఎక్కించిన ఎముక, తగరం – వీటిని సన్నని పొడవాటి పుల్లలుగా తీస్తారు. మూడు పలకల పుల్లలే ఎక్కువ. అంచులు ఆకురాయితో సరిచేసి, జిగురు పూసి, లెక్క తప్పకుండా పేర్చి కట్టగా బిగిస్తారు. ఆరాక కట్ట కొసన ఒక నక్షత్రమో షడ్భుజమో కనిపిస్తుంది. కట్టను సన్నరంపంతో అడ్డంగా కోస్తే పలచని బిళ్లలు వస్తాయి, ప్రతి బిళ్లలోనూ అదే నక్షత్రం. వాటిని పెట్టె మీద పక్కపక్కన అతికించి నునుపు పట్టిస్తారు. కట్టలో ఒక్క పుల్ల వెంట్రుకవాసి జరిగినా అందులోంచి వచ్చే బిళ్లలన్నీ చెడతాయి. ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్ వడ్రంగులు 1830 ప్రాంతంలో ఇదే సూత్రంతో రంగుచెక్కల పెట్టెలు చేశారు.

పురాణాల బొమ్మలు ఈ అల్లికలో ఇమడవు. అవి చందనపు చెక్కడంలో చోటు చేసుకున్నాయి. 1880లో భారతీయ హస్తకళల మీద పుస్తకం రాసిన జార్జ్ బర్డ్‌వుడ్ ఊరూరి తేడా గమనించాడు: సూరత్, బొంబాయి పనిలో లోతు తక్కువ, అంతా తీగలూ ఆకులే, అహమ్మదాబాదులో ఆకుల మధ్య దేవతామూర్తులు, కన్నడ, మైసూరు ప్రాంతాల్లో ఉబ్బెత్తుగా లేచిన పురాణ దృశ్యాలు. నా దృష్టిలో సూరత్ పనివాడి సంయమనమే ఆ పెట్టెలకు అందం.

మన విశాఖపట్నం దారి వేరు. అక్కడి కంసాలులు దంతపు రేకుల మీద తీగలు గీసి, గీతల్లో నల్లలక్క నింపేవారు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ మరణానంతరం జరిగిన వేలంలో మూడో జార్జి రాజు 1781లో ఈ తరహా దంతపు తొడుగున్న కుర్చీలు కొన్నాడు. అవి నేటికీ బ్రిటిష్ రాజవంశపు సేకరణలో ఉన్నాయి.

1687లో కంపెనీ ప్రధాన స్థానం సూరత్ నుంచి బొంబాయికి తరలింది. 1837 నాటి అగ్నిప్రమాదం సూరత్‌ను మరింత కుంగదీసింది. పనివాళ్లు బొంబాయి చేరారు, అందుకే విదేశాల్లో ఈ సరుకుకు బొంబాయి పెట్టెలనే పేరు స్థిరపడింది. 1851 లండన్ మహాప్రదర్శన తర్వాత గిరాకీ పెరిగింది. దాంతోపాటే నమూనాలు మొరటుబారాయి. 19వ శతాబ్ది తొలి దశాబ్దాల పెట్టెల్లో కనిపించే సన్నదనం తర్వాతి వాటిలో అరుదు.

ఏనుగుదంతం కాలం ముగిసింది. వన్యప్రాణి చట్టానికి 1986లో చేసిన సవరణ భారతీయ దంతం వ్యాపారాన్ని, 1991 నాటిది ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని ఆపేశాయి. ఇప్పుడు ఎముక, ప్లాస్టిక్ వాడుతున్నారు. పని తెలిసిన కుటుంబాలు సూరత్‌లో కొద్దిగానే మిగిలాయి. పాత పెట్టెల అమ్మకానికీ హద్దులున్నాయి: 2022లో అమల్లోకి వచ్చిన బ్రిటన్ చట్టం ప్రకారం, 1947కు ముందు చేసి, దంతం పదో వంతులోపు ఉన్న వస్తువును కూడా నమోదు చేయించాకే అమ్మాలి.