లంఖణానికీ క్షామానికీ నడుమ

లంఖణం పరమౌషధమన్నారు పెద్దలు. అది జ్వరపడినవానికి ఒకటి రెండు పూటల కోసం చెప్పిన మాట. దానిని వారాలకూ నెలలకూ సాగదీసి, సన్నబడే మార్గమని అమ్మకానికి పెట్టిన ఘనత మాత్రం ఇరవయ్యో శతాబ్దపు వ్యాపారానిదే. తిండిని ఒక్కసారిగా సగానికో పావుకో కోసివేసే ఈ 'క్రాష్ డైట్'ల చరిత్ర చదువుతుంటే నాకు వింతగా తోచిన విషయమొకటున్నది. ఈ పద్ధతి మనిషిని ఏమి చేస్తుందో శాస్త్రజ్ఞులు 1945 నాటికే కొలిచి రాసిపెట్టారు. వారు కొలిచినది స్థూలకాయం కోసం కాదు, యుద్ధం కోసం.

రెండవ ప్రపంచయుద్ధం ముగియవస్తున్న రోజులవి. ఐరోపాలో లక్షలాది జనం ఆకలికి ఎముకలగూళ్ళై ఉన్నారు. వారికి మళ్ళీ అన్నం పెట్టే రోజు వస్తే ఎంత పెట్టాలి, ఎలా పెట్టాలి? వైద్యుల దగ్గర సరైన జవాబు లేదు. అందుకోసం అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1944 నవంబరులో ఒక ప్రయోగం ఆరంభించాడు. (అమెరికా సైనికుల 'కె-రేషన్' పొట్లాన్ని రూపొందించినదీ ఈయనే.) ఆయుధం పట్టడం తమ అంతరాత్మకు విరుద్ధమని సైన్యంలో చేర నిరాకరించిన యువకులలో 36 మంది దీనికి స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. చంపడానికి ఒప్పుకోనివారు పస్తుండడానికి ఒప్పుకున్నారన్నమాట. విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ స్టేడియం కట్టడంలోనే ప్రయోగశాల, అక్కడే వారి నివాసం.

మొదటి 12 వారాలు రోజుకు సుమారు 3,200 కెలోరీల భోజనం పెట్టారు. 1945 ఫిబ్రవరి 12 నుంచి 24 వారాలపాటు అందులో సగం, అంటే సుమారు 1,570 కెలోరీలు. బంగాళాదుంపలు, టర్నిప్ దుంపలు, ముతక రొట్టె, మాకరోనీ. వారానికి 22 మైళ్ళ నడక తప్పనిసరి. శరీరపు బరువులో నాలుగో వంతు కరిగించడం లక్ష్యం. ఆ 1,570 అనే అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఏడు రోజుల్లో ఇన్ని కిలోలు అంటూ చేతులు మారే పట్టికలు మీరూ చూసే ఉంటారు. వాటిలో అనేకం వెయ్యి కెలోరీలు కూడా దాటవు. క్షామాన్ని అనుకరించడానికి కీస్ పెట్టిన తిండి కంటె అది తక్కువ!

ఆ యువకులకేమైంది? నాడి నిమిషానికి 55 నుంచి 35కు దిగింది. గుండె పరిమాణమే తగ్గింది. జీవక్రియ వేగం సుమారు 40 శాతం పడిపోయింది. దేహం ఉన్న కట్టెలను పొదుపుగా కాల్చుకోవడం నేర్చుకున్నది. వేసవిలోనూ చలి. కాళ్ళ వాపులు, రాలే జుట్టు, తలతిరుగుడు. మనసు సంగతి ఇంతకంటె విచారకరం. చదువు మీద, స్నేహాల మీద, ఆడపిల్లల మీద ఆసక్తి పోయింది. ఉన్న ఆసక్తి అంతా తిండి మీదే. వంటపుస్తకాలను నవలల్లాగ చదివారు. కంచం నాకారు. పెట్టిన కాస్త తిండినీ గంటలతరబడి నంజుకుంటూ కూర్చున్నారు. ఒకరు గొడ్డలితో తన చేతివేళ్ళు మూడు నరుక్కున్నాడు. కావాలని చేశానో, పొరపాటున జరిగిందో తనకే తెలియదన్నాడు. చివరకు ప్రయోగం పూర్తిచేసినవారు 32 మంది.

తిరిగి తిండి పెట్టిన తరువాతి దశ నాకు మరింత ముఖ్యమనిపిస్తుంది. కడుపు పగిలేలా తిన్నా ఆకలి తీరలేదని వారు మొరపెట్టుకున్నారు. పోయిన కండ కంటె ముందుగా కొవ్వు తిరిగి వచ్చింది, మునుపటి కంటె ఎక్కువగానూ పేరుకున్నది. డైటు మానగానే మళ్ళీ లావెక్కినవారిని 'నోరు కట్టుకోలేరు' అని ఎత్తిపొడిచే బంధువులు మనకు కొదువ లేదు. ఆ నింద మోసేవారికి ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఈ ఫలితాలన్నీ 1950లో 'ది బయాలజీ ఆఫ్ హ్యూమన్ స్టార్వేషన్' అనే పేరుతో రెండు సంపుటాలుగా, 1,300 పైచిలుకు పుటలతో వెలువడ్డాయి. గ్రంథం గ్రంథాలయంలోనే ఉండిపోయింది. 1976లో రాబర్ట్ లిన్ అనే వైద్యుడు 'ది లాస్ట్ చాన్స్ డైట్' అనే పుస్తకం రాశాడు. భోజనం పూర్తిగా మాని, ద్రవరూపంలో ఉన్న మాంసకృత్తులు మాత్రమే తాగాలన్నది ఆయన ఉపదేశం. రోజుకు 400 కెలోరీలకు అటూ ఇటూ. కబేళాలలో మిగిలిన తోళ్ళు, నరాలు, ఎముకల నుంచి తీసిన పదార్థానికి రుచీ రంగూ కలిపితే ఆ ద్రవం తయారు. మనిషికి అత్యవసరమైన ట్రిప్టోఫాన్ అందులో ఉండదు. అనుకరణ సరుకులు దుకాణాలలో వైద్యుడి చీటీ లేకుండానే దొరికాయి. 1977లో మరణవార్తలు మొదలయ్యాయి, సుమారు 60 దాకా నమోదయ్యాయి. తరచి పరిశీలించిన కొన్ని కేసులలో గుండె లయ తప్పడమే కారణమని తేలింది. చిక్కిపోయిన గుండె గురించి కీస్ రాసి అప్పటికి 27 ఏళ్ళు.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. 2017లో ప్రకటించిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో మధుమేహులకు కొన్ని నెలలు రోజుకు సుమారు 850 కెలోరీల ఆహారమిస్తే, ఏడాది తిరిగేసరికి దాదాపు సగంమందికి వ్యాధి వెనుకకు తగ్గింది. అయితే అక్కడ వైద్యపర్యవేక్షణ ఉన్నది, విటమిన్లున్నాయి, తిండిని మెల్లగా తిరిగి అలవాటు చేసే ఏర్పాటున్నది. ఎవరో పంపిన పట్టిక చూసి వంటింటి తలుపు మూసుకోవడం వేరు. 2016లో వెలువడిన మరో పరిశోధన, అమెరికా టీవీ పోటీలో హడావుడిగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తరువాత పరీక్షించింది. వారిలో 13 మంది మళ్ళీ బరువెక్కారు. అయినా వారి దేహాలు ఆ బరువుకు ఖర్చు చేయవలసినదానికంటె రోజుకు సుమారు 500 కెలోరీలు తక్కువే ఖర్చు చేస్తున్నాయి.

మిన్నెసోటా యువకులలో బతికి ఉన్న 18 మందిని 2003-04లో కొందరు పరిశోధకులు పలకరించారు. అప్పటికి అందరూ ఎనభై దాటిన వృద్ధులు. నిజంగా మామూలు మనుషులు కావడానికి కొందరికి రెండేళ్ళు పట్టిందని వారు చెప్పారు.