రోగి వృత్తాంతం: బీమారిస్తాన్ నుండి గోదావరి తీరం వరకు

అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు దానిని వ్రాసిపెట్టుకోవాలన్న ఆదేశం అల్ బఖరా సూరా 282వ ఆయతులో ఉంది. దివ్య ఖుర్ఆన్‌లోకెల్లా సుదీర్ఘమైన ఆయతు ఇదే. రూపాయి పైసల విషయంలోనే జ్ఞాపకాన్ని నమ్ముకోరాదని నేర్చుకున్న సమాజం, ప్రాణాలకు సంబంధించిన వివరాలను వ్రాయకుండా విడిచిపెట్టగలదా? ఇస్లామీయ వైద్య చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని సమాధానమిస్తుంది.

9వ శతాబ్దికి చెందిన ఇస్‌హాఖ్ ఇబ్న్ అలీ అర్రుహావీ తన ‘అదబుత్తబీబ్’ గ్రంథంలో, రోగిని చూసిన ప్రతిసారీ వైద్యుడు అతని స్థితినీ, చేసిన చికిత్సనూ వ్రాసిపెట్టాలని విధించాడు. రోగి మరణిస్తే ఆ వ్రాతలను ఇతర వైద్యులు పరిశీలించి, చికిత్స సక్రమంగా జరిగిందో లేదో తేల్చాలి. అంటే ఆ కాగితం వైద్యునికి జ్ఞాపిక మాత్రమే కాదు, అతని పనికి సాక్షి కూడా.

రయ్య్ నగరవాసి అబూ బక్ర్ అర్రాజీ (865–925) ఈ పద్ధతిని మరింత ముందుకు తీసుకొనిపోయాడు. సర్సామ్ రోగులలో కొందరికి రక్తం తీయించి, మరికొందరికి ఉద్దేశపూర్వకంగా తీయించక, ఫలితాలను పోల్చి చూశాడు. ఆయన జీవితకాలమంతా వ్రాసుకున్న వైద్యవిషయాలను మరణానంతరం శిష్యులు ‘అల్ హావీ’గా సంకలనం చేశారు. 1184లో డమాస్కస్ దర్శించిన అందులూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్, అక్కడి నూరీ బీమారిస్తాన్‌లో రోగుల పేర్లు, వారికి కావలసిన మందులు, ఆహారం, వాటికయ్యే ఖర్చు రిజిస్టర్లలో నమోదవుతున్నాయని వర్ణించాడు. వైద్యాలయ సంప్రదాయం దక్కనుకూ చేరింది. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో హైదరాబాదులో దారుష్షిఫాను నిర్మించాడు.

ఇక గోదావరి తీరానికి వద్దాం. గౌతమీ, వసిష్ఠ పాయల నడుమనున్న కోనసీమ 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయింది. అంతకుముందు అది తూర్పు గోదావరిలో భాగం. పల్లెలో ఒక వ్యక్తి వైద్యుడు చూడకుండానే ఇంట్లో కన్నుమూస్తే, మరణం లెక్కకెక్కినా దాని కారణం లెక్కకెక్కదు. కారణం తెలియని చోట నివారణ ఎలా సాధ్యం?

ఈ కొరతను తీర్చడానికి ఉభయ గోదావరి జిల్లాల పరిధిలో ఒక ప్రయత్నం జరిగింది. బైర్రాజు ఫౌండేషన్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ మొదలగు సంస్థల సహకారంతో 2003–04లో 45 గ్రామాలలో, 1,80,162 జనాభాలో, మరణాల నమోదు చేపట్టారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మృతుల ఇళ్లకు వెళ్లి కుటుంబీకులను ప్రశ్నించి వివరాలు వ్రాసుకోగా, వైద్యులు వాటినిబట్టి కారణాన్ని నిర్ణయించారు. సంవత్సరకాలంలో సంభవించిన 1,354 మరణాలలో 32 శాతానికి గుండె, రక్తనాళాల వ్యాధులే కారణమని తేలింది. గాయాలు, ప్రమాదాలు, ఆత్మహత్యల వంటి బాహ్య కారణాల వాటా 13 శాతం కాగా, అంటువ్యాధులది 12 శాతమే. పల్లెలకు అంటురోగాలే పెద్ద శత్రువులన్న నమ్మకం ఈ లెక్కలతో కదిలిపోయింది.

ఆ తరువాత వసిష్ఠకు ఆవలి ఒడ్డున పశ్చిమ గోదావరిలో, 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, ఆశా కార్యకర్తలకు టాబ్లెట్లు ఇచ్చి గుండెజబ్బు ముప్పున్నవారిని గుర్తింపజేశారు. 2019లో వెలువడిన ఫలితం మాత్రం ఆలోచింపజేసేది. రక్తపోటు అదుపులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ముప్పును యంత్రం చూపగలదు గాని, మందు అందించి, రోగి దానిని మానకుండా చూడవలసినది మనుషులే.

అయినా నమోదు లేకుంటే ఆ పని మొదలే కాదు. రాజోలులో చూపించుకున్న రోగిని అమలాపురానికో, కాకినాడకో పంపినప్పుడు, ఏ మందు ఎంత మోతాదులో వాడాడో, ఏ మందు పడలేదో తెలియని వైద్యుడు చీకటిలో తడుముకోక తప్పదు. 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, 14 అంకెల ఆరోగ్య సంఖ్య ద్వారా ఈ వివరాలను కలపడానికే ఉద్దేశించబడింది.

కాని రోగి రహస్యం అమానతు. దానిని రోగి అనుమతి లేకుండా ఇతరులకు అందించడం ఖియానత్. కాగితమైనా కంప్యూటరైనా ఈ ధర్మం మారదు. అర్రుహావీ కోరినది రెండే: చేసినది దాచకుండా వ్రాయాలి, వ్రాసినదానికి జవాబు చెప్పాలి. కోనసీమ ఆసుపత్రులలో నేడు నమోదయ్యే ప్రతి వివరాన్నీ ఈ గీటురాయిపైనే పరీక్షించవలసి ఉంది.