వీధిలో కెమెరా, చేతిలో పర్మిట్

"న్యూయార్క్‌లో రోడ్డు మీద వీడియో తీస్తే పట్టుకుంటారా అన్నా?" అని ఎపిసోడ్ విన్న తమ్ముడొకడు అడిగాడు. 2005 మేలో పట్టుకున్నారు మరి. మన దేశపు డాక్యుమెంటరీ దర్శకుడు రాకేష్ శర్మ, టాక్సీ డ్రైవర్ల మీద సినిమా కోసం మన్‌హట్టన్‌లో చేతి కెమెరాతో తీస్తుంటే, పోలీసులు గంటలకొద్దీ ఆపేసి, పర్మిట్ కావాలన్నారు. ఆయన 2006లో కోర్టుకెళ్లారు. అప్పటిదాకా ఎవరికి పర్మిట్ కావాలో చెప్పే రాతపూర్వక రూల్సే లేవు! రాజీలో భాగంగా సిటీ రాయడానికి ఒప్పుకుంది.

2007 ముసాయిదా చూసి జనం మండిపడ్డారు: ఇద్దరు కలిసి అరగంట ఒకేచోట తీస్తే పర్మిట్, పైగా 10 లక్షల డాలర్ల ఇన్సూరెన్స్. స్టూడియోలకి అదో లెక్కా? వీసా మీద బతికే మనకైతే "పర్మిట్ ఏదీ?" అంటే చాలు, ఫోన్ జేబులోకి పోతుంది.

గోల గట్టిగానే పనిచేసింది. 2008 రూల్స్‌లో చేతి కెమెరాకీ, ట్రైపాడ్‌కీ పర్మిట్ అక్కర్లేదు. దారి మనకే కావాలని ఆపేస్తే మాత్రం పర్మిట్, ఇన్సూరెన్స్ రెండూ కావాలి.